నిత్య జీవితంలో ధర్మం: లిమిట్ ఉంది కదా అని...

ఓం నమో నారాయణాయ.

ఈ వారం ప్రశ్న హ్యూస్టన్ దగ్గర ఉండే ఒక గృహస్థు పంపారు. పేరు వద్దన్నారు. కాస్త కుదించి, ఆయన మాటల్లోనే ఇస్తున్నాను.

"మా రెండు కుటుంబాలు కలిసి గాల్వెస్టన్ వెళ్ళి, ఒక గైడ్‌ని మాట్లాడుకుని పడవ మీద చేపలు పట్టాం. పెద్దవాళ్ళం నలుగురం, పిల్లలు ఇద్దరు. మనిషికి మూడు రెడ్‌ఫిష్ చొప్పున పద్దెనిమిది తెచ్చాం. అన్నీ కొలత ప్రకారమే. లైసెన్సులు ఉన్నాయి. ఒక్క రూల్ కూడా తప్పలేదు. పిల్లలిద్దరూ సగం సేపు నిద్రపోయారు, వాళ్ళ లెక్క కూడా మేమే పూర్తి చేశాం. ఇంటికొచ్చాక, రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మ కూలర్ మూత తీసి చూసి 'ఇన్నెందుకురా?' అంది. జవాబు తోచలేదు. మేం చేప తినేవాళ్ళమే, అమ్మా తింటుంది. చట్టం ఒప్పుకున్నదాంట్లో కూడా పాపం ఉంటుందా?"

చేప తినవచ్చా తినకూడదా అన్న చర్చ ఇది కాదని ముందే చెప్పేస్తున్నాను. ఆ చర్చ మన గ్రూపులో ఒకసారి మూడు రోజులు నడిచింది, చివరికి ఎవరూ అలవాటు మార్చుకోలేదు, కొందరు గ్రూపుని మ్యూట్ చేసుకున్నారు. తినని వాళ్ళు తినకండి, మంచిదే. కానీ దయచేసి ఇక్కడే చదవడం ఆపేయకండి, మీకు సంబంధించిన మాట కూడా ముందు ఉంది. వ్యాసుల వారి తల్లి సత్యవతి చేపలు పట్టే దాశరాజు ఇంట్లో పెరిగిన మత్స్యగంధి. భరతుడు వస్తే గుహుడు తన ఇంటి మర్యాదగా చేపలూ తేనే పట్టుకొచ్చాడని వాల్మీకి రామాయణంలో ఉంది. ఆ గుహుణ్ణి మనం భక్తుడనే తలుచుకుంటాం.

ఇక ఆ తల్లి మాట చూడండి. "చేప ఎందుకు" అనలేదావిడ. "ఇన్నెందుకు" అంది. ప్రశ్నంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మనిషికి మూడు అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు తెలుసుకుందాం. దాని వెనక కథ తెలియకపోతే, అది ప్రభుత్వం మన చేతికిచ్చిన రేషన్ కార్డులాగా కనిపిస్తుంది. మూడు రాసి ఉంది కాబట్టి మూడూ తెచ్చుకోవాలి, రెండు తెచ్చుకుంటే ఒకటి నష్టపోయినట్టు!

రెడ్‌ఫిష్ అని అందరూ పిలిచే రెడ్ డ్రమ్, చిన్నప్పుడు టెక్సస్ తీరంలోని లోతు తక్కువ ఉప్పునీటి బేలలో పెరుగుతుంది. మూడు నాలుగేళ్ళు వచ్చాక పెద్దదై సముద్రంలోకి వెళ్ళిపోతుంది, ఆ వయసు నుంచి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. నలభై ఏళ్ళ దాకా బతకగలదు. ఇంత దీర్ఘాయుష్షు ఉన్న చేపని 1970ల్లో వలలు వేసి, గాలాలు వేసి ఎంత పట్టారంటే, బేలలో అది బాగా తగ్గిపోయింది. 1981లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. తమ నీళ్ళలో పట్టిన రెడ్ డ్రమ్‌నీ, మచ్చల సీట్రౌట్‌నీ అమ్మకూడదు. అక్కడితో ఆగలేదు. అదే రోజుల్లో న్యూ ఆర్లీన్స్‌లో పాల్ ప్రుడోమ్ అనే వంటమాస్టర్ రెడ్‌ఫిష్‌ని మసాలా పట్టించి, కాలిన ఇనప పెనం మీద నల్లగా వేయించి పెట్టాడు. దేశమంతా ఆ రుచికి ఎగబడింది. బేలలోని చిన్నవి చాలక, సముద్రంలో గుంపులుగా తిరిగే పెద్ద తల్లి చేపల మీదకి కూడా పెద్ద వలలు వెళ్ళాయి. 1980ల రెండో సగంలో ఫెడరల్ జలాల్లో దాన్ని పట్టడం ఆపేయవలసి వచ్చింది. 2007లో అధ్యక్షుడు బుష్, ఫెడరల్ జలాల్లో పట్టిన రెడ్ డ్రమ్ అమ్మకుండా ఉత్తర్వు ఇచ్చారు. ఒక్క వంటకం ఎంతదూరం తీసుకెళ్ళిందో చూడండి.

తర్వాత ఏమైంది? వలలు వేసి బతికిన కుటుంబాలు వేరే పని వెతుక్కున్నాయి. ప్రభుత్వం హేచరీల్లో పిల్లచేపల్ని పెంచి ఏటా లక్షల్లో బేలలోకి వదులుతోంది. లేక్ జాక్సన్‌లో సీ సెంటర్ టెక్సస్ అని ఒకటుంది, హ్యూస్టన్ వాళ్ళకి గంట ప్రయాణం. టికెట్ లేదు. పిల్లల్ని తీసుకెళ్ళండి, గాలం పట్టించడానికి ముందే తీసుకెళ్తే ఇంకా మంచిది. కొన్నేళ్ళపాటు కొందరు అమ్ముకోకుండా, కొందరు పట్టకుండా, కొందరు లైసెన్సు డబ్బు కట్టి పిల్లల్ని పెంచి వదలబట్టి ఇవాళ చేప మీ గాలానికి పడింది. అంటే మీ కూలర్‌లో ఉన్నది గైడ్ నైపుణ్యం మాత్రమే కాదు, మీకు ముఖం తెలియని వాళ్ళ ఉపవాసం కూడా.

గీత మూడో అధ్యాయంలో స్వామి యజ్ఞం గురించి చెప్పేది ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. అందులోంచి తీసుకుని, దానికి తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అంటారు స్వామి. కఠినమైన మాటే. గమనించండి, తీసుకున్నవాణ్ణి అనలేదు. తిరిగి ఇవ్వకుండా తీసుకున్నవాణ్ణి అన్నారు.

ఇప్పుడు కొలత సంగతి. టెక్సస్‌లో రెడ్ డ్రమ్ ఇరవై అంగుళాలకి తక్కువుంటే వదిలెయ్యాలి. ఇది అందరికీ సులువుగా అర్థమవుతుంది, పిల్లది కదా, పెరగనివ్వాలి. కానీ ఇరవై ఎనిమిది దాటినా వదలాలి! లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కడితే తప్ప పెద్దది ఉంచుకోకూడదు. ఇది కొత్తగా వెళ్ళిన మనవాళ్ళకి మింగుడు పడదు. గంటసేపు ఎండలో నిలబడి, చేతులు నొప్పెట్టేలా లాగి, ముప్ఫై రెండు అంగుళాల చేప పడవ మీదకి వస్తే "ఇది వదిలెయ్యాలా?" అని ప్రాణం ఉసూరుమంటుంది. కారణం ఒక్కటే. అంత పెద్దది అంటే గుడ్లు పెట్టే వయసుకి వచ్చిందని. పెద్ద ఆడచేప ఒక్క విడతకే లక్షల గుడ్లు పెడుతుంది. ఆ లక్షల్లో బతికి పెద్దయ్యేవి వేళ్ళ మీద లెక్క. అందుకే ఆ ఒక్క తల్లి అంత విలువైంది.

గోదావరి వాళ్ళం మనం, ఈ మాట దగ్గర కాస్త తలవంచుకోవాలి. పుస్తెలమ్మైనా పులస తినాలని గొప్పగా చెప్పుకుంటాం. సముద్రంలోని ఇలస, ఎర్రనీరు తగలగానే నదికి ఎదురీదుతూ ఎందుకు వస్తుంది? గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం దిగువన మనం పట్టేది సరిగ్గా ఆ ప్రయాణంలో ఉన్న చేపని. దాని రుచికి కారణం కూడా ఆ ప్రయాణమే. ఏటికేడాది పులస తగ్గిపోతోందని, ధర వేలకి వేలు పోతోందని వాపోతాం, మళ్ళీ మొదటి పులస ఎవరి ఇంటికొచ్చిందో ఫొటో పెడతాం. ఇరవై ఎనిమిది అంగుళాల రూల్ రాసినవాళ్ళకి మన శాస్త్రాలేవీ తెలియకపోవచ్చు. కానీ తల్లిని వదిలెయ్యమని చెప్పారు.

ఇలాంటి కట్టుబాట్లు పాశ్చాత్యుల దగ్గరే పుట్టాయని కూడా అనుకోకండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, రాజు అభయం ఇచ్చిన చోట్ల జింకల్నీ పక్షుల్నీ చేపల్నీ పట్టినవాడికి పెద్ద జరిమానా ఉంది. అశోకుడు తన అయిదో స్తంభ శాసనంలో చంపకూడని ప్రాణుల జాబితా ఇచ్చి, కొన్ని పౌర్ణములకీ ఉపవాస దినాలకీ చేపల్ని చంపడం, అమ్మడం రెండూ నిషేధించాడు. సుమారు 2,260 ఏళ్ళ కిందటి మాట. శృంగేరి వెళ్ళినవాళ్ళు తుంగ ఒడ్డున మెట్ల దగ్గర ఒత్తుకుంటూ వచ్చే చేపల్ని చూసే ఉంటారు. అక్కడ ఎవరూ గాలం వెయ్యరు. మరమరాలు వేసి దణ్ణం పెట్టుకుని వస్తాం.

భాగవతం దశమ స్కంధంలో ఇంకా చిత్రమైన ఘట్టం ఉంది. యమునలో ఒక మడుగు దగ్గర సౌభరి మహర్షి తపస్సు చేసుకుంటున్నాడు. ఆకలితో వచ్చిన గరుత్మంతుడు, ముని వద్దన్నా వినకుండా ఆ మడుగులోని చేపల రాజుని తన్నుకుపోయాడు. మిగిలిన చేపలు తల్లడిల్లిపోతుంటే చూసి ముని, మళ్ళీ ఈ మడుగులో చేపని తింటే నీ ప్రాణం పోతుందని శపించాడు. అంటే అది పట్టకూడని మడుగు అయిపోయింది. ఆకలి గరుత్మంతుడికి సహజం, చేప ఆయనకి ఆహారమే. సాక్షాత్తూ స్వామి వాహనం. అయినా "ఇక్కడ కాదు" అంటే కాదు. కథ అక్కడితో అయిపోలేదు. గరుత్మంతుడు రాలేని చోటు ఒకటుందని తెలిసిన కాళియుడు వచ్చి ఆ మడుగులోనే దాక్కున్నాడు, నీళ్ళన్నీ విషం చేశాడు, చివరికి కృష్ణస్వామి వచ్చి దూకవలసి వచ్చింది. నాకు ఈ కథ నచ్చేది ఇందుకే. నిషేధం పెట్టగానే అంతా బాగైపోతుందని చెప్పదు. ఎక్కడ ఎంతవరకు అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఉండాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో గడ్డకట్టే చలి వచ్చినప్పుడు తీరంలో సుమారు 38 లక్షల చేపలు చచ్చిపోయాయని అక్కడి శాఖ లెక్క వేసింది. సీట్రౌట్ పరిమితి తగ్గించారు. 2024 నుంచి తీరమంతా మనిషికి మూడే, కొలత పదిహేను నుంచి ఇరవై అంగుళాలు. కాబట్టి నాలుగేళ్ళ కిందట స్నేహితుడు పంపిన స్క్రీన్‌షాట్ పట్టుకుని వెళ్ళకండి, ఏటా సెప్టెంబరులో కొత్త లైసెన్సు కొన్నప్పుడే రూల్స్ కూడా చదవండి.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. రూల్ తప్పలేదు, మరి తప్పేమిటి?

ఆ అంకె ఎలా వేస్తారో ఆలోచించండి. గాలం పట్టుకున్న ప్రతివాడూ ప్రతిరోజూ లిమిట్ నింపుకుంటాడని అనుకుని వెయ్యరు. చాలామందికి చాలా రోజులు ఒక్కటీ పడదు. ఎండకి మాడి, ఎర తినేసి పోయిన చేపని తిట్టుకుంటూ ఖాళీ చేతులతో ఇంటికొస్తారు. ఆ ఖాళీ చేతులన్నిటినీ కూడా కలుపుకుంటేనే మనిషికి మూడు అన్నది సముద్రం మొయ్యగలిగే లెక్క అవుతుంది. గైడ్ ఉన్న పడవ ఆ లెక్కలోంచి తప్పించుకుంటుంది. ఆయనకి ఏ పోటులో చేప ఏ గడ్డిలో ఉంటుందో తెలుసు. తెరమీద నీటి లోతు కనబడుతుంది. బతికున్న రొయ్యల ఎర సిద్ధంగా ఉంటుంది. ఇరవై ఏళ్ళ అనుభవాన్ని మీరు ఒక పూటకి అద్దెకి తీసుకున్నారు. ఒడ్డున నిలబడ్డవాడికి మూడు అన్నది అదృష్టం కలిసొచ్చిన రోజు. మీకది పదకొండు గంటలకల్లా అయిపోయే పని. అంకె ఒకటే, చట్టం ముందు ఇద్దరూ సమానులే, కానీ ఇద్దరూ చేసిన పని ఒకటి కాదు.

ఇందులో నాకు గట్టిగా అనిపించేది పిల్లల లెక్క. టెక్సస్‌లో పదిహేడేళ్ళ లోపు వాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు, పడవ లెక్కలో మాత్రం వాళ్ళూ మనుషులే. నిద్రపోతున్న పసివాడి పేరు మీద కూడా మూడు పట్టవచ్చు. చట్టం ఎందుకలా పెట్టింది? పిల్లలు కూడా పట్టుకోవాలని, ఆ సంతోషం వాళ్ళకి దక్కాలని. మనం దాన్ని కూలర్‌లో ఆరు చేపల చోటుగా మార్చేశాం. పిల్లవాడి పేరు చెప్పి తీసుకున్నది పిల్లవాడిది కాదు, మనదే. పైగా రేపు వాడు పెద్దయి పట్టుకోవలసిన చేపల్లోంచే అది పోతుంది.

అదే టెక్సస్ చట్టంలో ఇంకో చిన్న విషయం ఉంది, దాన్ని మాత్రం మెచ్చుకోవాలి. గైడ్‌తో వెళ్ళిన పడవ లెక్కలో గైడ్‌ని కలపరు. అంటే తన మూడూ మీ కూలర్‌లో వేసే వీలు ఆయనకి లేదు. మంచి పని. దారి చూపేవాడికి దోపిడీలో వాటా ఉండకూడదు.

గైడ్ అన్న మాటకి మన దగ్గర ఎంత బరువుందో వేరే చెప్పక్కర్లేదు. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముకునే మనిషి. తాను చంపడు, ఇతరులు చంపి తెచ్చింది అమ్ముతాడు, తల్లిదండ్రుల్ని సేవిస్తాడు, తక్కెడలో మోసం చెయ్యడు. తపస్సు చేసిన కౌశికుడు ఆయన కొట్టు ముందు నిలబడి ధర్మం నేర్చుకున్నాడు. హింస లేని బతుకు ఎవరికుంది, నాగలి పెట్టి దున్నితే మట్టిలో ఎన్ని ప్రాణులు పోతాయి అని ఆ వ్యాధుడే అడుగుతాడు. అంటే ఏ వృత్తిలో ఉన్నా, తన చేతికి ఒక గీత గీసుకున్నవాడు గురువు కాగలడు. మంచి గైడ్లు అలాంటి వాళ్ళే. "అది ఇరవై ఎనిమిదిన్నర ఉంది సార్, వదిలేద్దాం" అంటారు. కొలబద్ద మీద తోక కాస్త వంచి కొలిస్తే సరిపోతుంది కదా అని మనం అంటే, నవ్వి ఊరుకుంటారు గానీ ఒప్పుకోరు.

కానీ ఆయన్ని అటువైపు తోసేది ఎవరు? మనమే. కొందరు గైడ్ల ప్రకటనల్లో పడవ అంచు మీద వరసగా పరిచిన చేపల ఫొటోలు ఉంటాయి. ఆ ఫొటో చూసి మనం ఫోన్ చేస్తాం. "లిమిట్ గ్యారంటీయేనా?" మొదటి ప్రశ్న ఇదే. నాలుగు చేపలతో తిరిగొస్తే టిప్ తగ్గిస్తాం, వెళ్ళి రెండు స్టార్లు ఇస్తాం. మన దగ్గర ఇంకో జబ్బు కూడా ఉంది, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్నది. బఫేలో తిన్నట్టు. పడవకి ఇన్ని వందల డాలర్లు పోశాం, చేపకి ఎంత పడిందో లెక్క వేసుకుంటాం. గైడ్‌కి ఇచ్చింది చేపల ఖరీదు కాదండీ. ఆయన పూట కూలి, పడవ నూనె, ఆయన జ్ఞానం. చేపకి మీరు డబ్బేమీ కట్టలేదు. దానికి ధర లేదు. అమ్మడమే నేరం అక్కడ.

ఇప్పుడు తినని వాళ్ళకి చెప్తానన్న మాట. "మేం పట్టి వదిలేస్తాం, మాకు పాపం లేదు" అని కొందరు అంటారు. అమెరికాలో, ఇంగ్లండులో ఇది చాలా గౌరవమైన పద్ధతి. ఇంగ్లండు క్లబ్బు చెరువుల్లో పట్టిన కార్ప్‌ని చాప మీద పడుకోబెట్టి, గాయానికి మందు రాసి మరీ వదులుతారు. ఇంటికి తీసుకెళ్ళడం అక్కడ పెద్ద తప్పు. అక్కణ్ణుంచి జర్మనీ వెళ్ళండి, న్యాయం తలకిందులవుతుంది. తగిన కారణం లేకుండా జంతువుని బాధపెట్టడం అక్కడి జంతు రక్షణ చట్టంలో నేరం. తినడం తగిన కారణం, సరదా కాదు. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి, వదిలేద్దామన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడం నిషేధం. ఒక దేశంలో చంపితే తప్పు, ఇంకో దేశంలో చంపే ఉద్దేశం లేకుండా పడితే తప్పు!

ఎవరిది సరైంది? నాకు జర్మన్ల మాటే ధర్మానికి దగ్గరగా తోస్తుంది. 2003లో స్కాట్లాండ్‌లో లిన్ స్నెడన్ బృందం రెయిన్‌బో ట్రౌట్ చేప మూతి మీద నొప్పిని గుర్తించే నరాలు ఉన్నాయని చూపించారు. చేప అనుభవించేది మన నొప్పిలాంటిదేనా అన్న వాదం శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తోంది. వాళ్ళ వాదం తేలేదాకా మనం ఆగక్కర్లేదు. గాలం మింగిన చేప కొట్టుకునే తీరు చూసినవాడికి అది ఆడుకుంటోందని అనిపించదు. ఆకలికి చంపడంలో హింస ఉంది, ఒక కారణమూ ఉంది. ఫొటోకి ముప్ఫై చేపల్ని లాగి, ఒక్కొక్కదాన్నీ గాలిలో ఎత్తి పట్టుకుని వదలడంలో హింస ఉంది, కారణం మాత్రం వెతుక్కోవాలి. పైగా వదిలినవన్నీ బతకవు. గాలం లోపలిదాకా మింగినవి, నడి వేసవి వేడి నీళ్ళలో ఎక్కువసేపు పోరాడినవి కొన్ని కనుచూపు దాటాక తేలిపోతాయి. లోతు సముద్రంలోంచి పైకి లాగిన రెడ్ స్నాపర్‌కి కడుపులో గాలి ఉబ్బి కిందికి దిగలేదు. అందుకే 2022 నుంచి మెక్సికో సింధుశాఖ ఫెడరల్ జలాల్లో ఇలాంటి చేపల్ని పట్టే పడవలో, దాన్ని మళ్ళీ లోతుకి దింపే సాధనమో, ఆ గాలి తీసే సూదో సిద్ధంగా పెట్టుకోవాలని చట్టం తెచ్చారు.

అయితే వదలడం తప్పా? కాదు. చిన్నది పడింది, పెద్ద తల్లి పడింది, వదిలి తీరాలి. అప్పుడు చెయ్యి తడిపి పట్టుకోండి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పొర పోయి చేపకి జబ్బు చేస్తుంది. గాలం నీళ్ళలోనే తీయగలిగితే తీయండి. ఫొటో కావాలంటే ఒక్కటి, మీరు ఊపిరి బిగపట్టి ఉండగలిగినంత సేపే. వదలడం మనవల్ల పడిన కష్టానికి చేసే పరిహారం. దాన్ని పుణ్యం ఖాతాలో రాసుకోకండి.

సత్యవ్రతుడి కథ అందరికీ తెలిసిందే, కానీ ఈ కోణంలో ఒకసారి చదవండి. ద్రవిడ రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. ఆయన చేసిన మొదటి పని ఏమిటి? నీళ్ళలోకి వదిలేశాడు. మంచివాడు చేసే పనే. అప్పుడు చేప మాట్లాడింది. ఇక్కడ పెద్దవి నన్ను తినేస్తాయి, నమ్మి నీ చేతికొచ్చాను, వదిలేస్తావా అంది. అప్పుడాయన కమండలంలో పెట్టుకుని తీసుకెళ్ళాడు. అది పెరిగింది, కుండలోకి మార్చాడు, కుండ చాలలేదు, చెరువులోకి, పెద్ద సరస్సులోకి, చివరికి సముద్రంలోకి. ఎంత పెరిగితే అంత చోటు వెతికి పెట్టాడు. వదిలెయ్యడంతో చెయ్యి దులిపేసుకోలేదు. దానికి ఎంత నీళ్ళు కావాలో, ఎలా బతుకుతుందో చూసే భారం తల మీద వేసుకున్నాడు. ఆ తర్వాతే చేప ఎవరో తెలిసింది. పెద్ద చేప చిన్న చేపని మింగే లోకాన్ని మత్స్యన్యాయం అంటారు మనవాళ్ళు, అలా జరక్కుండా చూడ్డానికే రాజు పుట్టాడంటారు. మూడు, ఇరవై, ఇరవై ఎనిమిది... ఈ అంకెలు ఆ రాజు పని ఇవాళ చేస్తున్న తీరు. కాకపోతే ఇప్పుడు మింగే పెద్ద చేప మనమే.

లిమిట్ అన్నది గోడ లాంటిది. అది దాటితే నేరం. గోడ దాకా వెళ్ళి తీరాలని ఎవరూ చెప్పలేదు. రోడ్డు మీద డెబ్భై అని బోర్డుంటే వానలో కూడా డెబ్భైలో వెళ్ళం కదా. గోడకి ఇవతల ఎక్కడ ఆగాలో చెప్పేది చట్టం కాదు, అవసరం. అవసరం ఎంతో చెప్పగలిగేది వంటింట్లో ఉన్నవాళ్ళు. కార్తీక మాసంలో నెల రోజులు మానేసే ఇళ్ళు మనవి. శనివారం మానేసే వాళ్ళున్నారు. చట్టం చెప్పకుండానే "ఇంతవరకే" అని గీసుకోవడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటైన విద్యే. పడవ ఎక్కగానే దాన్ని మర్చిపోతాం.

మన ఊరి సంగతి కూడా ఒక్కమాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆంధ్ర తీరంలో మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు, చేప గుడ్లు పెట్టే కాలమని. కాకినాడలో, విశాఖలో పడవలన్నీ ఒడ్డుకి కట్టేసి ఉంటాయి. ప్రభుత్వం భృతి ఇస్తుంది, ఇంటిల్లిపాదికీ అది ఏ మూలకి? అప్పు చేస్తారు, వలలు బాగుచేసుకుంటారు, ఎదురుచూస్తారు. చేప పడితేనే పొయ్యి వెలిగే ఇళ్ళు రెండు నెలలు ఆగుతున్నాయి. ఫ్రీజర్‌లో కోడి, కోస్ట్‌కో సాల్మన్ ఉండగా వారాంతం సరదాకి వెళ్ళిన మనం, పదో చేప దగ్గర ఆగలేమా?

కాబట్టి హ్యూస్టన్ సోదరుడికి నా జవాబు ఇది. చట్టం ముందు మీరు నిర్దోషి. పాపమా అంటే, ఆ పద్దెనిమిదీ ఏమవుతాయన్నదాని మీద ఉంది. మార్చిలో ఫ్రీజర్ శుభ్రం చేస్తూ, మంచు పట్టి తెల్లబడ్డ ముక్కల్ని సంచిలో కట్టి చెత్తలో వేస్తే మాత్రం, అవును, పాపమే. ఆ చేప తన ప్రాణం ఇచ్చింది చెత్తబండికి కాదు. ఇంకా చెడిపోలేదు కాబట్టి వచ్చే రెండు వారాల్లో వండేయండి. అమ్మగారు ఉన్నారు, చింతపండు పులుసు ఆవిడ చేత్తో పెట్టించండి. ఒంటరిగా ఉండే స్టూడెంట్ పిల్లలు మీ చుట్టుపక్కల ఉంటారు, అమ్మ చేతి వంట తిని ఎన్నాళ్ళయిందో వాళ్ళకి, పిలిచి పెట్టండి.

మళ్ళీ వెళ్తారు, వెళ్ళండి. పిల్లలు నీళ్ళని, గాలిని, పోటుపాటుల్ని చూడాలి, ఫోన్ లేని ఒక పొద్దు వాళ్ళకి దొరకాలి. గైడ్‌కి ఫోన్ చేసినప్పుడే చెప్పండి. "మేం ఆరుగురం, మాకు అయిదు చేపలు చాలు. అయిదు పడ్డాక గాలాలు లోపల పెట్టేసి పడవ మీద తిరుగుదాం, డాల్ఫిన్లు చూపించండి, ఆ గడ్డి మడుగుల్లో ఏమేం పెరుగుతాయో పిల్లలకి చెప్పండి. టిప్ కూలర్ చూసి ఇవ్వం." మొదట ఆయన నమ్మకపోవచ్చు, ఇలా అడిగేవాళ్ళు తక్కువ. పడవ ఎక్కే ముందే అంకె మీరు ఒప్పుకోండి, పిల్లల ఎదురుగా, పైకి చెప్పి. చేప లాగుతున్నప్పుడు నిర్ణయించుకుందామంటే కుదరదు, అప్పుడు చేతులు మన మాట వినవు. పెద్దబ్బాయికి కొలబద్ద ఇవ్వండి, లెక్క రాసే బాధ్యత వాడిది. అయిదోది పడగానే "చాలు నాన్నా" అనే హక్కు కూడా వాడికే ఇవ్వండి.

ఇక ఇంట్లో ఎన్ని కావాలో ముందురోజు రాత్రే అమ్మని అడిగి వెళ్ళండి.

వచ్చే వారం: దుబాయ్ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న, పనిమనిషికి పండగ రోజు సెలవు ఇవ్వడం గురించి.

శ్రీ మత్స్యమూర్తయే నమః.